ఊడదీయకుండానే చిప్ మార్చే విద్య: జేట్యాగ్



సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా డోన్ వెళ్లే రైలు మార్గంలో, వనపర్తి పట్టణానికి ఎడంగా, మదనాపురం దగ్గర వనపర్తి రోడ్ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి రైలు కృష్ణ దాటి గద్వాల జంక్షన్ చేరుతుంది. ఈ దారిలో ‘కవచ్’ ఉంది. ఎర్ర సిగ్నల్ పడినా డ్రైవరు బ్రేకు వేయకపోతే రైలు తనంతట తానే ఆగేలా చేసే రక్షణ ఏర్పాటు అది. స్లీపర్లకు బిగించిన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు, స్టేషన్‌లో ఒక కంప్యూటర్ పెట్టె, దాని పక్కన రేడియో టవరు, ఇంజన్లో మరో పెట్టె, ఇవన్నీ కలిసి క్షణక్షణం రైలును కనిపెట్టుకుని ఉంటాయి. దేశంలో దీన్ని మొదట వేసింది దక్షిణ మధ్య రైల్వేలోనే. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. ఆ జోన్‌లో మొదట కవచ్ వేసిన 1,465 కిలోమీటర్లలో మన్మాడ్ నుంచి సికింద్రాబాద్, డోన్ మీదుగా గుంతకల్లు దాకా వెళ్లే ఈ మార్గం కూడా ఉంది. తయారీకి మొదట అనుమతి పొందిన మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే.

2024 జులై 16న రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ కవచ్ 4.0 కూర్పును ఆమోదించింది. అంటే యంత్రాలు పట్టాల పక్కన నిలబడ్డాక, వాటి నియమాలు మారాయి. ఇలా మారడం ఒక్క రైల్వేలోనే కాదు. జూరాల జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. కల్వకుర్తి, నెట్టెంపాడు ఎత్తిపోతల పంప్‌హౌస్‌లు ఉన్నాయి. మండలానికో వాతావరణ కేంద్రం ఉంది. ఇలాంటి ప్రతిచోటా ఒక ప్యానెల్, ప్యానెల్లో బోర్డులు, బోర్డుల మీద చిప్‌లు. నియమం మారిన ప్రతిసారీ బోర్డు ఊడదీసి, గోనె సంచిలో చుట్టి, హైదరాబాద్ బస్సెక్కాల్సిందేనా? రైలు సౌకర్యం కూడా లేని నాగర్‌కర్నూల్ వాసులకు ఇది ఊరికే అడిగే ప్రశ్న కాదు.

అక్కర్లేదు అని ఎలక్ట్రానిక్స్ రంగం 1990ల్లోనే తేల్చేసింది. బోర్డు ఉన్నచోటే, చిప్ సోల్డర్ అయి ఉండగానే, నాలుగు తీగలు తగిలించి లోపలి తర్కాన్ని చెరిపి మళ్లీ రాయొచ్చు. ఆ నాలుగు తీగల పేరు జేట్యాగ్. ఇలా రాయడాన్ని ఇంజనీరింగ్ విద్యార్థులు ‘కోడ్ డంప్ చేయడం’ అంటారు. ఆ మాట వెనక ఎంత పని ఉందో తెలిసినవాళ్లు తక్కువ.

ముందు ఆ తర్కం సంగతి. ఒక పంపు మోటారు అనుకోండి. సంపులో నీళ్లు ఉండాలి, మూడు ఫేజులూ రావాలి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి ఉండకూడదు. ఈ మూడూ కుదిరితేనే మోటారు ఆడాలి. పాతకాలంలో దీన్ని రిలేలతో కట్టేవారు. తర్వాత చిన్న చిన్న గేట్ ఐసీలతో కట్టారు. నియమం మారితే తీగలు మార్చాలి, లేదా కొత్త బోర్డు వేయించాలి. ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్ వచ్చాక గేట్లన్నీ ఒకే ఐసీలోకి చేరాయి. ఏ గేటు దేనికి కలవాలన్నది మాత్రం తయారీలో ఖాళీగా వదిలేశారు. కొన్నవాడు దాన్ని నింపుకుంటాడు. నింపే ఫైలు తెరిచి చూస్తే సున్నాలు, ఒకట్లే. ఇక్కడ కలుపు, ఇక్కడ వదిలెయ్, అంతే. గద్వాలలో చీర నేసేవారికి ఇది కొత్త విషయం కాదు. మగ్గం పైన జకార్డు పెట్టె, దానికి వేలాడే అట్టల దండ. అట్టలో రంధ్రమున్న చోట పడుగు దారం పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద హంసకు బదులు మామిడిపిందె కావాలంటే మగ్గం పీకరు, అట్టల దండ మారుస్తారు.

అయితే చిప్‌ల విషయంలో ‘మగ్గం పీకకుండా’ మార్చే సౌకర్యం వెంటనే రాలేదు. 1978లో మోనోలిథిక్ మెమరీస్ కంపెనీలో జాన్ బర్క్‌నర్, హెచ్.టి. చువా తెచ్చిన పాల్ చిప్‌లో సన్నటి ఫ్యూజులుండేవి. అక్కర్లేని ఫ్యూజును కరెంటుతో కాల్చేసేవారు. చిప్‌ను ‘బర్న్ చేయడం’ అనే మాట ఇలాంటి ఫ్యూజుల నుంచి వచ్చిందే. ఒకసారి కాలిందంటే ఇక అంతే, తప్పు పోతే చిప్ చెత్తబుట్టలోకి. 1984లో ఆల్టెరా తెచ్చిన ఈపీ 300లో పైన క్వార్ట్జ్ కిటికీ ఉండేది. అతినీలలోహిత దీపం కింద పెడితే పావుగంట, ఇరవై నిమిషాల్లో చెరిగిపోయేది. ఆ మరుసటి ఏడు లాటిస్ కంపెనీ గాల్ చిప్‌లు తెచ్చింది. వాటిని దీపం లేకుండా కరెంటుతోనే చెరపొచ్చు. అయినా ప్రతిసారీ ఐసీని సాకెట్‌లోంచి పీకాలి, ప్రోగ్రామర్ అనే పెట్టెలో పెట్టాలి, రాశాక తెచ్చి మళ్లీ గుచ్చాలి. పీకేటప్పుడు కాళ్లు వంగుతాయి. పదిసార్లు పీకి గుచ్చితే సాకెట్ వదులవుతుంది. వదులైన సాకెట్ పంప్‌హౌస్ అదురుకు ఒకసారి తగిలి ఒకసారి తగలక మెయింటెనెన్స్ వాళ్లను తిప్పలు పెడుతుంది. ఇక చిప్ కాళ్లు సన్నబడి, బోర్డు ఉపరితలం మీదే సోల్డర్ అయ్యే రకం వచ్చాక సాకెట్టే పోయింది. పీకడానికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా ఇక్కడే కథ మలుపు తిరిగింది. తిప్పింది మాత్రం ప్రోగ్రామింగ్ వాళ్లు కాదు, టెస్టింగ్ వాళ్లు.

1980ల మధ్య దాకా ఫ్యాక్టరీలో బోర్డును మేకుల పరుపు లాంటి ఒక ఫిక్స్చర్ మీద పెట్టి, ప్రతి అతుకునూ ఒక సూదితో తాకి పరీక్షించేవారు. బోర్డులు బహుళ పొరలై, చిప్‌లు దగ్గర దగ్గరగా వచ్చేసరికి సూది దిగే చోటు లేకుండాపోయింది. కొన్ని చిప్‌ల అతుకులు చిప్ కడుపు కిందకే వెళ్లిపోయాయి, కంటికి కూడా కనపడవు. 1985లో ఫిలిప్స్ చొరవతో యూరప్ కంపెనీలు ఒక బృందంగా కూడాయి. అమెరికా కంపెనీలు కూడా చేరాక దాని పేరు జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్ అయింది. పొడి అక్షరాల్లో జేట్యాగ్. వాళ్ల ఆలోచన సూటిగా ఉంది. బయటి నుంచి సూది దిగకపోతే, సూదిని చిప్ లోపలే పెడదాం. ప్రతి కాలికీ, లోపలి తర్కానికీ మధ్య ఒక చిన్న జ్ఞాపక గది కట్టారు. ఆ గదులన్నిటినీ వరుసగా గొలుసు కట్టి, రెండు కొసలూ బయటికి తెచ్చారు. ఒక కొసలోంచి బిట్లు తోస్తే కాళ్ల మీద కావలసిన వోల్టేజీలు పెట్టొచ్చు. రెండో కొసలోంచి, పక్క చిప్ కాళ్ల దగ్గరికి ఏం చేరిందో చదవొచ్చు. ఈ చిప్ కాలి మీద ఒకటి పెట్టాం, ఆ చిప్ కాలి దగ్గర సున్నా కనిపించింది. అంటే మధ్యలో అతుకు విడిపోయింది. మల్టీమీటర్ తాకించకుండానే రోగం దొరికింది. 1990లో దీన్ని ఐఈఈఈ 1149.1 అనే ప్రమాణంగా స్థిరపరిచారు.

ఒక తలుపు ఒక పని కోసం తెరిస్తే, దానిలోంచి మరో పని నడిచింది. బయటి నుంచి చిప్‌లోకి ప్రామాణికమైన దారి ఉన్నప్పుడు, కాళ్లను పరీక్షించే బిట్లే కాకుండా, లోపలి తర్కాన్ని నింపే బిట్లు కూడా ఆ దారిలోనే తోయొచ్చు కదా! దానికి ఒక్కటే అడ్డు. చిప్‌లోని జ్ఞాపకాన్ని చెరిపి రాయడానికి మామూలుగా బోర్డు మీద దొరికేదానికన్నా ఎక్కువ వోల్టేజీ కావాలి. అంతవరకూ దాన్ని ప్రోగ్రామర్ పెట్టె ఇచ్చేది. ఆ వోల్టేజీని లోపలే పుట్టించే చార్జ్ పంప్ అనే చిన్న సర్క్యూట్‌ను చిప్‌లోకి ఎక్కించాక, బోర్డు మీది మామూలు సప్లైతోనే పని జరిగిపోయింది. లాటిస్ కంపెనీ 1990ల మొదట్లోనే బోర్డు మీద రాయగల చిప్‌లను అమ్మకానికి తెచ్చింది. కొన్నేళ్లలోనే జైలింక్స్ ఎక్స్‌సీ 9500 వరుస, ఆల్టెరా మ్యాక్స్ 7000 ఎస్ వరుస జేట్యాగ్ మీదుగానే ప్రోగ్రామ్ అయ్యాయి. రెంటికీ ఓపికలో తేడా చాలా ఉంది. ఎక్స్‌సీ 9500ను 10,000 సార్లు చెరిపి రాయొచ్చని తయారీదారు హామీ. మ్యాక్స్ 7000 ఎస్‌కు ఆ హామీ 100 సార్లే. పంప్‌హౌస్‌లో వంద సార్లు మార్చే పని ఎవరికీ రాదు గానీ, అదే చిప్ కాలేజీ ల్యాబ్‌లో బ్యాచ్ వెంట బ్యాచ్ పిల్లల చేతిలో పడితే వంద ఎంతసేపు? కిట్ కొనేముందు ఈ అంకె చూసుకోవాలి.

ఇప్పుడు బోర్డు దగ్గరికి వద్దాం. అంచున తరచుగా రెండు వరుసల్లో అయిదేసి చొప్పున పది పిన్నుల చిన్న కనెక్టర్ ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఖాళీగా వదిలేశారేమో అనుకుంటారు. దానిలో నిజంగా మాట్లాడే తీగలు నాలుగే. టీసీకే గడియారం టిక్‌టిక్ ఇస్తుంది. టీఎంఎస్ ఏ పని చేయాలో దారి చూపుతుంది. టీడీఐలోంచి బిట్లు లోపలికి పోతాయి, టీడీఓలోంచి బయటికొస్తాయి. వీటికి తోడు గ్రౌండ్ ఒకటి, బోర్డు సప్లై ఎంతో కేబుల్‌కు తెలియజేసే తీగ ఒకటి.

చిప్ లోపల 16 స్థితుల యంత్రం ఒకటి కూర్చుని ఉంటుంది. ప్రతి టిక్‌కు టీఎంఎస్ ఒకటా, సున్నానా అని చూసి తర్వాతి స్థితికి అడుగేస్తుంది. అది ఎక్కడ చిక్కుకుని ఉన్నా సరే, టీఎంఎస్‌ను ఒకటి మీద పట్టుకుని అయిదు టిక్కులిస్తే మొదటి స్థితికి వచ్చి తీరుతుంది. ఆ పదహారు స్థితుల బొమ్మను ఒకసారి కాగితం మీద వేసుకుని, ఎక్కణ్నుంచి బయల్దేరినా అయిదు అడుగుల్లో ఇంటికి చేరడం వేలితో చూసుకున్న విద్యార్థికి జేట్యాగ్ మళ్లీ మరచిపోయే విషయం కాదు. అంత పొందికగా కట్టారు.

మొదటి స్థితికి రాగానే చాలా చిప్‌లు తమ పేరు చెప్పడానికి సిద్ధంగా ఉంటాయి. ఆ పేరు 32 బిట్లు. కుడి కొసన ఉండి మొదట బయటికొచ్చే బిట్ ఎప్పుడూ ఒకటే. దాని తర్వాత 11 బిట్లు తయారీదారువి, 16 బిట్లు చిప్ రకానివి, మిగిలిన 4 కూర్పువి. ఉదాహరణకు ఎక్స్‌సీ 9572 ఎక్స్‌ఎల్ అనే చిప్‌ను అడిగితే, ముందున్న కూర్పు అంకె తీసేశాక, 9604093 అని తెరమీద పడుతుంది. 9604 ఆ చిప్ రకం. చివరి 093 చూడగానే అది జైలింక్స్ అని అనుభవమున్న టెక్నీషియన్ చెప్పేస్తాడు. పేరు చెప్పలేని చిప్ ఉంటే దాని నుంచి ఒకే ఒక్క సున్నా వస్తుంది. అందుకే పేరు మొదటి బిట్‌ను ఎప్పుడూ ఒకటిగా పెట్టారు. ఒకటి కనిపిస్తే వెనకాల పేరు వస్తోందని, సున్నా కనిపిస్తే ఆ చిప్ మౌనమని అర్థం. ఇలా బోర్డు మీది గొలుసులో ఎన్ని చిప్‌లున్నాయో, ఏవేవో, దేన్నీ విప్పకుండా లెక్కతేలుతుంది. సర్క్యూట్ బొమ్మ లేని పాత ప్యానెల్ ముందు నిలబడ్డవాళ్లకు ఇది ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

గొలుసులో మూడు చిప్‌లుండి, మధ్యదాన్ని మాత్రమే మార్చాలనుకుందాం. మొదటిదానికీ మూడోదానికీ ‘బైపాస్’ అనే ఆదేశం వెళ్తుంది. అన్నీ ఒకట్లే ఉన్న ఆదేశం అది. అప్పుడవి ఒక్కొక్క బిట్ పొడవు దారిగా మారి, వచ్చినదాన్ని వచ్చినట్టు పక్కకు పంపుతాయి. మధ్య చిప్‌కు ప్రోగ్రామింగ్‌లోకి దిగమని ఆదేశం. అప్పుడు దాని కాళ్లన్నీ బయటి ప్రపంచం నుంచి విడివడతాయి. తర్వాత చెరపడం, రాయడం, రాసింది మళ్లీ చదివి ఫైలుతో సరిచూడడం. చిన్న చిప్ అయితే కొద్ది సెకన్లలో పని పూర్తి.

కాళ్లు విడివడతాయి అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ క్షణంలో ఆ చిప్ దేన్ని నడుపుతోందో దాన్ని వదిలేస్తుంది. మోటారు ఆడుతుండగా, గేటు కదులుతుండగా చేయాల్సిన పని కాదిది. యంత్రం ఆపి, బ్రేకర్ తీసి, హెచ్చరిక ట్యాగ్ వేసి, అప్పుడే కేబుల్ తగిలించాలి. బోర్డు గీసేవాళ్లు కూడా, చిప్ మౌనంగా ఉన్నప్పుడు రిలే పడిపోయేలా రెసిస్టర్ పెట్టి ఉంచాలి. కొందరు పెట్టరు. అది క్షమించదగ్గ పొరపాటు కాదు.

రాస్తుండగా కరెంటు పోతే? పల్లె సబ్‌స్టేషన్ పక్కన ఇది మొదట రావలసిన ప్రశ్న. జ్ఞాపకం సగం చెరిగి సగం రాసి ఉంటుంది. చిప్ తన అసలు పని చేయదు. కానీ జేట్యాగ్ తలుపు ఆ జ్ఞాపకం మీద ఆధారపడదు, తయారీలోనే సిలికాన్‌లో చెక్కి ఉంటుంది. కరెంటు వచ్చాక మొదటి నుంచి మళ్లీ రాస్తే సరిపోతుంది. దీనికీ ఒక మినహాయింపు ఉంది. కొన్ని చిప్‌లలో జేట్యాగ్ కాళ్లను మామూలు కాళ్లుగా వాడుకునే వీలుంటుంది. నాలుగు కాళ్లు మిగులుతాయని ఆశపడి అలా వాడేస్తే, తర్వాత బోర్డు మీద ఉండగా దాన్ని మార్చే దారి మూసుకుపోతుంది.

పెద్ద చిప్‌లైన ఎఫ్‌పీజీఏల పద్ధతి వేరు. 1985లో జైలింక్స్ తెచ్చిన మొదటి ఎఫ్‌పీజీఏ ఎక్స్‌సీ 2064 నుంచీ చాలావాటిలో తర్కం ఉండేది కరెంటు పోగానే మరచిపోయే జ్ఞాపకంలో. పక్కనే ఉన్న ఫ్లాష్ చిప్‌లోంచి, స్విచ్ వేసిన ప్రతిసారీ అది తనను తాను నింపుకుంటుంది. బోర్డు మీద మార్చాలంటే ముందు జేట్యాగ్ ద్వారా ఎఫ్‌పీజీఏలోకి ఒక చిన్న వంతెన తర్కం ఎక్కిస్తారు, ఆ వంతెన మీదుగా ఫ్లాష్‌లో రాస్తారు.

ఇంతవరకు చెప్పిందంతా పుస్తకాల్లో ఉంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ లాంటి చోట్ల నిజంగా పని ఆగేది వేరే కారణాలకు. కేబుల్ ఉండదు. ఉన్నా, పాత ప్రింటర్ పోర్ట్‌కు తగిలే రకం, ఇప్పటి ల్యాప్‌టాప్‌కు ఆ పోర్టే లేదు. సాఫ్ట్‌వేర్ పాతబడింది. జైలింక్స్ తన ఐఎస్‌ఈ సాఫ్ట్‌వేర్‌ను 2013లో 14.7 కూర్పుతో ఆపేసింది. ఆల్టెరా మ్యాక్స్ 7000 చిప్‌లను క్వార్టస్ 13.0 తర్వాతి కూర్పులు గుర్తించవు. 2022 ఫిబ్రవరిలో ఏఎండీ కంపెనీ జైలింక్స్‌ను కొనేసింది. 2024 మొదట్లో ఎక్స్‌సీ 9500 ఎక్స్‌ఎల్ లాంటి పాత వరుసల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ప్యానెల్లో పని చేస్తున్న చిప్‌ను ఇక కాపాడుకోవడమే మార్గం. అవసరమైతే హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ తిరిగి పాత స్టాక్ వెతుక్కోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఫైలు. కేబుల్ కొనొచ్చు, సాఫ్ట్‌వేర్ దించుకోవచ్చు. చిప్‌లో ఏం రాయాలో ఆ ఫైలు లేకపోతే నాలుగు తీగలూ అలంకారమే. యంత్రం బిగించి వెళ్లిన కంపెనీ ఫైలు ఇవ్వదు, ఇవ్వమని కొన్నవాళ్లు అడగరు. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ మూతపడినా, ఆ ఇంజనీరు అమెరికా వెళ్లిపోయినా, పిడుగు పడి చిప్ పోయినా, బోర్డు మొత్తం కొత్తది కొనాలి. ప్రజల డబ్బుతో కొనే ప్రతి ప్యానెల్ టెండర్‌లోనూ ప్రోగ్రామింగ్ ఫైలు, దాన్ని సరిచూసుకునే చెక్‌సమ్ అంకె, గొలుసులో చిప్‌ల వరుస, కనెక్టర్ పిన్నుల బొమ్మ అప్పగించాలన్న షరతు ఉండాలి. దానికి అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. అడగకపోవడమే మన లోపం.

ఫైలు ఇచ్చేటప్పుడు దాని రూపం కూడా ముఖ్యం. ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేర్‌తోనే తెరుచుకునే ఫైలు ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటే చచ్చిపోతుంది. ఎస్‌వీఎఫ్ అనే రూపం ఒకటుంది. 1991లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, టెరడైన్ కంపెనీలు కలిసి చేసినది. ఏ బిట్లు తోయాలి, ఏ బిట్లు తిరిగి రావాలి అన్నది మామూలు అక్షరాల్లో వరుసగా రాసి ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవొచ్చు. ఓపెన్‌ఓసీడీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక చవకైన యూఎస్‌బీ కేబుల్ ఉంటే కంపెనీ సాఫ్ట్‌వేర్ అవసరం లేకుండానే ఆ ఫైలును నడిపించొచ్చు. ఓపెన్‌ఓసీడీ కూడా జర్మనీలో డొమినిక్ రాత్ అనే విద్యార్థి 2005లో డిప్లొమా ప్రాజెక్టుగా మొదలుపెట్టినదే.

తలుపు ఉందంటే దొంగ భయం కూడా ఉంటుంది. చిప్‌లో భద్రతా బిట్ వేస్తే లోపలున్నది బయటికి చదవడం కుదరదు, చెరిపి కొత్తగా రాయడం మాత్రం కుదురుతుంది. అయితే తాళం వేశాం కదా అని నిశ్చింతగా ఉండలేం. 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు సెర్గీ స్కోరోబొగటోవ్, క్రిస్టఫర్ వుడ్స్ కలిసి, ప్రోఏసిక్ 3 అనే ఫ్లాష్ ఎఫ్‌పీజీఏలో జేట్యాగ్ దారిలోనే ఒక రహస్య మార్గం కనిపెట్టినట్టు ప్రకటించారు. అది పటిష్ఠమైన రక్షణకు పేరుపడ్డ చిప్. కొన్ని యంత్రాలకు అసలు మళ్లీ రాసే వీలే ఉండకూడదు. ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం అలాంటిది. 1982లో కేరళలోని పరవూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో ఆ యంత్రాలను తొలిసారి వాడారు. ఇప్పటి యంత్రాల్లోని చిప్‌లో ఒక్కసారి మాత్రమే రాయగలమని, తర్వాత మార్చడం సాధ్యం కాదని ఎన్నికల సంఘం చెబుతుంది. ఏ యంత్రానికి తలుపు పెట్టాలి, దేనికి గోడ కట్టాలి అన్నది గీసేనాడే తేల్చుకోవాలి. రైలు భద్రత లాంటి చోట తలుపున్నా, తాళంచెవి ఒక్కరి చేతిలో ఉండదు. కొత్త కూర్పును స్వతంత్ర భద్రతా నిపుణులు పరిశీలించాకే యంత్రంలోకి ఎక్కించాలి.

ఇక నేర్చుకునే చోటు. వనపర్తి సంస్థానం రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. రాజా రామేశ్వరరావు ఇచ్చిన ఆ భవనంలో, ఎత్తైన కమానుల కింద, తరతరాల పాలమూరు పిల్లలు డ్రాయింగ్ బల్లల ముందు నిలబడి డిప్లొమాలు పుచ్చుకున్నారు. పట్టణానికి ఇటీవల జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థులు హైదరాబాద్‌లో ప్రాజెక్టులు కొనుక్కొచ్చి, లోపల ఏముందో తెలియకుండానే వైవాలో నిలబడే అలవాటు ఈ రంగానికి చేసిన చేటు అంతా ఇంతా కాదు. దానికి బదులు చిన్న ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్ (సీపీఎల్‌డీ) ఉన్న ఒక బోర్డు, ఒక యూఎస్‌బీ కేబుల్, ఇందాకటి పంపు మోటారు నియమం చాలు. నీళ్లు, ఫేజులు, స్టాప్ బటన్‌కు మూడు స్విచ్‌లు. మోటారుకు బదులు ఒక ఎల్‌ఈడీ. మొదటి రోజు చిప్ పేరు చదవాలి. రెండో రోజు కేబుల్‌ను కావాలని తప్పుగా తగిలించి, గొలుసు తెగితే తెరమీద అన్నీ ఒకట్లు, లేదా అన్నీ సున్నాలు ఎందుకు వస్తాయో చూడాలి. పనిలో రోజూ ఎదురయ్యేది అదే. మూడో రోజు నియమం రాసి ఎక్కించి, రాస్తుండగా స్విచ్ తీసేసి, మళ్లీ బతికించాలి. ఆ తర్వాత నియమం మార్చాలి. ఫేజు పోయి వచ్చాక కొన్ని సెకన్లు ఆగి మోటారు ఎక్కాలి. ఒక్క తీగ కూడా కదల్చకూడదు.

జిల్లా కేంద్రాల్లో స్టార్టర్లు, స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు బాగుచేసే దుకాణాల వాళ్లకు సోల్డరింగ్‌లో ఈ విద్యార్థులకన్నా ఎంతో నేర్పు ఉంటుంది. వాళ్లను ఒక శనివారం ల్యాబ్‌కు పిలిచి ఇదే కసరత్తు చేయిస్తే, ఏ బోర్డు ఎందుకు మొరాయిస్తుందో వాళ్లే పిల్లలకు చెబుతారు. టీసీకే తీగ పొడుగైతే గడియారం అంచు మొద్దుబారి చిప్ రెండు టిక్కులుగా లెక్కపెట్టుకుంటుంది. కేబుల్ జానెడు మించకూడదని, గ్రౌండ్ గట్టిగా ఉండాలని, ఇన్వర్టర్ పక్కన రాయకూడదని చేతులకు తెలిసినవాళ్లు వాళ్లు.

ఏ బోర్డులో ఏ కూర్పు రాశారో గుర్తుంటుందిలే అనుకోవద్దు. పని అయ్యాక చిన్న కాగితం మీద ఫైలు పేరు, చెక్‌సమ్, తేదీ, రాసినవారి సంతకం పెట్టి ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించాలి. ఆ ఫైలు నకలు ఒకటి ప్యానెల్లోనే పెన్‌డ్రైవ్‌లోనూ, మరొకటి ఆఫీసు రికార్డులోనూ ఉంచి, రిజిస్టర్‌లో రాయాలి.